నేల గుట్టు తెలిసిన శాస్త్రజ్ఞుడు: సర్ ఆల్బర్ట్ హోవర్డ్

పాఠ్యభాగ ఉద్దేశం

నేల ప్రాణం లేని పదార్థం కాదనీ, కంటికి కనిపించని అసంఖ్యాక జీవులకు అది నిలయమనీ, మొక్కల వేళ్లకూ కొన్ని శిలీంధ్రాలకూ నడుమ ఉన్న చెలిమి వల్లనే పేద నేలలలోనూ పచ్చదనం నిలుస్తున్నదనీ విద్యార్థులకు తెలియజేయడం, ఆ సత్యాన్వేషణకు జీవితాన్ని అంకితం చేసిన ఒక శాస్త్రవేత్త చరిత్రను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

మానవ నాగరికతకు మూలం వ్యవసాయం. వ్యవసాయానికి మూలం నేల. నేలను తల్లిగా భావించి, నాగలి పట్టే ముందు నమస్కరించే సంప్రదాయం మనది. అయితే ఆ తల్లి ఏమి తిని బిడ్డలకు అన్నం పెడుతున్నదని ఆలోచించినవారు అరుదు. ఆ ప్రశ్నను ఆలోచించి, దానికి సమాధానం వెతకడానికి మన దేశంలో ఇరవై ఆరేళ్లు గడిపిన ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు సర్ ఆల్బర్ట్ హోవర్డ్. పాలకుల ఉద్యోగిగా వచ్చి, పాలితుల వద్ద శిష్యరికం చేసిన విలక్షణ వ్యక్తి ఆయన.

హోవర్డ్ కృషి విలువ గ్రహించాలంటే మన తూర్పు కనుమలలోని అరకులోయ వంటి ప్రాంతాన్ని ఒకసారి తలచుకోవాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో శీతకాలం రాగానే వలిసె పూలు పసుపు తివాచీ పరచినట్లు వికసిస్తాయి. కొండవాలులపై చోడి, సామ పైరులు తలలూపుతాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగుతాయి. ఆ చెట్లనే అల్లుకొని మిరియాల తీగలు పైకి పాకుతాయి. ఇంతటి పచ్చదనం చూసినవారు ఆ నేల ఎంతో సారవంతమైనదని భ్రమపడతారు. నిజానికి అక్కడి ఎర్రమట్టి పేదది. యుగయుగాలుగా కురిసిన వానలు అందులోని సున్నాన్నీ, పొటాష్‌నూ కడిగివేశాయి. మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా బంధించి, వేళ్లకు అందనీయవు. పెట్టెలో ధనం ఉండి తాళంచెవి పోగొట్టుకున్న గృహస్థు స్థితి ఆ నేలది. ఆ తాళంచెవి మొక్కలకు దొరికే మార్గాలలో ఒకటి వేరును ఆశ్రయించి జీవించే శిలీంధ్రం. దానిని శాస్త్రజ్ఞులు మైకోరైజా అంటారు. తెలుగులో శిలీంధ్రమూలం అనవచ్చు. ఈ సూక్ష్మ బంధాన్ని ప్రయోగశాల నుండి పొలం గట్టుకు తెచ్చి, వ్యవసాయ చర్చలో దానికి స్థానం కల్పించినవారిలో హోవర్డ్ ముఖ్యులు.

ఆల్బర్ట్ హోవర్డ్ 1873 డిసెంబరు 8వ తేదీన ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో బిషప్స్ కాజిల్ అనే చోట ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పొలం పనుల నడుమ పెరిగినందువల్ల మట్టి వాసన ఆయనకు చిన్ననాటి నుండి పరిచితమే. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లోనూ, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోనూ ఆయన ప్రకృతి శాస్త్రాలను అభ్యసించారు. 1899లో వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవిలో శిలీంధ్ర శాస్త్రజ్ఞునిగా ఉద్యోగంలో చేరారు. చెరకు మొదలైన పైరులను పట్టి పీడించే శిలీంధ్రాలను పరిశీలించడం అక్కడ ఆయన పని. తరువాతి కాలంలో పైరుకు మేలు చేసే శిలీంధ్రాన్ని కీర్తించిన వ్యక్తి తన వృత్తిని హాని చేసే శిలీంధ్రాలతో ఆరంభించడం గమనింపదగిన విషయం.

ఆ ఉద్యోగంలో హోవర్డ్‌కు ఒక అసంతృప్తి కలిగింది. సూక్ష్మదర్శిని కింద రోగాన్ని చూడగలుగుతున్నారు. దానికి పేరు పెట్టగలుగుతున్నారు. మందు సూచించగలుగుతున్నారు. కాని ఆ సలహాను స్వయంగా ఆచరించి చూడడానికి ఆయన చేతిలో సెంటు భూమి లేదు. తాను పొలంలో పరీక్షించని మాటను రైతుకు చెప్పడం న్యాయమా అనే సంశయం ఆయనను వెన్నాడింది. 1902లో స్వదేశం చేరి, వై అనే గ్రామంలోని వ్యవసాయ కళాశాలలో కొంతకాలం పనిచేసినా ఆ కొరత పూర్తిగా తీరలేదు.

1905లో ఆయన జీవితం మలుపు తిరిగింది. బీహారులోని పూసాలో అప్పుడే నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన సంస్థకు ఆయన వృక్షశాస్త్రజ్ఞునిగా నియమితులయ్యారు. అదే సంవత్సరం గాబ్రియెల్ మాథే అనే విదుషీమణిని వివాహమాడారు. ఆమె కేంబ్రిడ్జిలో కిరణజన్య సంయోగక్రియపై పరిశోధన చేసి పేరు పొందిన శాస్త్రవేత్త. పెళ్లితో ఆమె పరిశోధన ఆగలేదు. ప్రయోగాలలోనూ, గ్రంథ రచనలోనూ భర్తతో సమానంగా శ్రమించారు. 1913లో ప్రభుత్వం ఆమెను కూడా వృక్షశాస్త్రజ్ఞురాలిగా నియమించింది. హోవర్డ్ కీర్తిలో సగభాగం న్యాయంగా ఆమెకు చెందుతుంది.

పూసాలో హోవర్డ్‌కు 75 ఎకరాల భూమి లభించింది. ఇక తన ఆలోచనలను తానే పరీక్షించుకోవచ్చు. అయితే ఆయన వెంటనే బోధనకు పూనుకోలేదు. చుట్టుపక్కల గ్రామాల పొలాలను తిరిగి చూశారు. అక్కడి రైతులు పురుగుమందులు ఎరుగరు, రసాయనిక ఎరువులు ఎరుగరు. అయినా వారి పైరులలో తెగుళ్లు చాలా తక్కువగా కనిపించాయి. ఒకే పొలంలో ధాన్యపు పైరుతో పాటు పప్పు జాతి పైరును కలిపి విత్తడం, పశువుల ఎరువును పొలానికి తరలించడం, నేలకు విరామం ఇవ్వడం వంటి పద్ధతులను ఆయన శ్రద్ధగా గమనించారు. ఈ రైతులనూ, పైరును ఆశించే పురుగులనూ, తెగుళ్లనూ ఆయన తన గురువులుగా ఎంచుకున్నారు. పురుగు వచ్చిందంటే అది నేల అనారోగ్యాన్ని సూచించే గుర్తు అని ఆయన భావన. ఆ గురువుల నుండి నేర్చుకోవడానికి తనకు ఐదేళ్లు పట్టిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. తన పశువులను కూడా పుష్టికరమైన మేతతో పెంచారు. గాలికుంటు వ్యాధి సోకిన ఇరుగుపొరుగు పశువుల పక్కన మేసినా అవి జబ్బుపడలేదని ఆయన గమనించారు.

పూసాలో ఆ దంపతులు సాధించిన విజయాలు అనేకం. వారు రూపొందించిన పూసా 4, పూసా 12 వంటి గోధుమ వంగడాలు ఉత్తర భారతంలో విస్తారంగా సాగయ్యాయి. వేసవి నెలలలో వారు క్వెట్టాలో పండ్ల తోటలపై ప్రయోగాలు చేశారు. వీటన్నింటికంటె మన పాఠానికి సంబంధించినది వేళ్లను గూర్చిన వారి అధ్యయనం. ఆకులను, కాయలను అందరూ చూస్తారు. నేలలోపల ఏమి జరుగుతున్నదో చూడాలని వారు తలపెట్టారు. మట్టిని జాగ్రత్తగా తొలగించి వేళ్లు ఎంత లోతుకు పోతున్నాయో, ఏ ఋతువులో ఏ పొరలో చురుకుగా ఉంటున్నాయో పరిశీలించారు. వానకాలంలో నీరు నిలిచిన నేలలో గాలి ఆడక నీలిమందు మొక్కల వేళ్లు చనిపోవడం వల్లనే అవి వడలిపోతున్నాయని తేల్చారు. నేలకు కూడా ఊపిరి అవసరమని ఆ పరిశోధన నిరూపించింది.

కాలక్రమంలో పూసా వాతావరణం హోవర్డ్‌కు ఇరుకుగా తోచింది. అక్కడ వృక్షశాస్త్రం ఒక శాఖ, రసాయన శాస్త్రం ఒక శాఖ, కీటక శాస్త్రం మరొక శాఖ. ఒక్కొక్కరు తమ గదికి పరిమితమై ఉన్నారు. పైరు మాత్రం ఈ శాఖలన్నింటికీ ఒకేసారి సంబంధించినది. ఏనుగును తడిమి చూసిన అంధుల కథ అక్కడ పునరావృతం అవుతున్నదని ఆయనకు అనిపించింది. అందువల్ల 1924లో ఆయన మధ్య భారతంలోని ఇండోరులో ఒక నూతన పరిశోధన సంస్థను ప్రారంభించారు. భారత కేంద్ర పత్తి సంఘం, మధ్య భారత సంస్థానాలు దానికి ధనసహాయం చేశాయి. 300 ఎకరాల ఆ క్షేత్రంలో పత్తి ప్రధానమైన పైరు. కూలీలకు సకాలంలో వేతనం, తగిన విశ్రాంతి కల్పించడం కూడా మంచి వ్యవసాయంలో భాగమేనని ఆయన అక్కడ ఆచరించి చూపారు.

ఇండోరు క్షేత్రంలో రూపొందినదే జగత్ప్రసిద్ధమైన ఇండోరు కంపోస్టు పద్ధతి. రసాయన శాస్త్రజ్ఞుడు యశ్వంత్ వాడ్ ఈ కృషిలో ఆయనకు సహచరుడు. సుమారు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న లోతు తక్కువ గోతిలో పత్తి కట్టె, చొప్ప, ఆకు అలము, కలుపు మొక్కలు పొరగా పరుస్తారు. వాటిపై పశువుల పేడ, మూత్రంతో తడిసిన మట్టి, కట్టెల బూడిద చల్లుతారు. తగినంత తేమ ఉంచి, మూడు నెలల వ్యవధిలో మూడు మారులు తిరగవేస్తారు. మొదట శిలీంధ్రాలు, పిమ్మట బాక్టీరియా ఆ చెత్తను కుళ్లించి, నల్లని మెత్తని హ్యూమస్‌గా మారుస్తాయి. మన పల్లెల్లో పెంటకుప్ప ఉన్నదే, ఉత్తరాంధ్రలో గత్తం అని పిలిచే పశువుల ఎరువు ఉన్నదే. చైనా రైతులు చెత్తను ఎరువుగా మార్చే నేర్పు కూడా ప్రాచీనమైనదే. ఈ పరంపరాగత జ్ఞానానికి గాలి, తేమ, వేడి, కాలం అనే లెక్కలను జోడించి ఒక శాస్త్రీయ క్రమాన్ని ఏర్పరచడం హోవర్డ్ చేసిన పని. ఆయనకు పాఠం చెప్పిన రైతుల పేర్లు మాత్రం చరిత్ర పుటలలో నిలువలేదు.

1930లో గాబ్రియెల్ మరణించారు. మరుసటి సంవత్సరం హోవర్డ్ పదవీ విరమణ చేసి ఇంగ్లాండు చేరారు. అదే 1931లో ఇండోరు పద్ధతిని వివరించే గ్రంథం వెలువడింది. గాబ్రియెల్ సోదరి లూయిస్‌ను ఆయన వివాహమాడారు. ఆమె ఆయన శేషజీవితంలో రచనలకు తోడుగా నిలిచారు. 1934లో ప్రభుత్వం ఆయనను సర్ బిరుదుతో గౌరవించింది.

సాధారణంగా ఉద్యోగ విరమణతో మనిషి పని ముగుస్తుంది. హోవర్డ్ విషయంలో ముఖ్యమైన అధ్యాయం అప్పుడే ప్రారంభమైంది. తూర్పు ఆఫ్రికా కాఫీ తోటలలోనూ, భారతదేశం, సింహళంలోని తేయాకు తోటలలోనూ ఇండోరు పద్ధతిని అనుసరించారు. కంపోస్టు వేసిన చోట మొక్కలు అనూహ్యంగా కోలుకున్నాయి. ఆ ఎరువులో ఉన్న పోషకాల మోతాదును లెక్కిస్తే అంత మార్పుకు కారణం కనబడలేదు. ఇక్కడే హోవర్డ్ మనసులో ప్రశ్న ఉదయించింది. ఇంగ్లాండులో మేబెల్ రేనర్ అనే శాస్త్రవేత్త పైన్ చెట్ల వేళ్లపై పరిశోధన చేస్తూ, కంపోస్టు కలిపిన నేలలో వేళ్లపై శిలీంధ్రాలు పుష్కలంగా పెరుగుతున్నాయని చూపారు. హోవర్డ్ 1937, 1938 సంవత్సరాలలో మళ్లీ తేయాకు తోటలను దర్శించి, తేయాకు వేళ్లను పరీక్షకు పంపే ఏర్పాటు చేశారు. వాటిలోనూ శిలీంధ్రమూలాలు కనిపించాయి. నేలకూ మొక్కకూ మధ్య సజీవమైన వంతెన ఇదేనని ఆయన నిశ్చయించారు. 1940లో ప్రచురించిన తన ప్రసిద్ధ వ్యవసాయ గ్రంథంలో ఈ విషయానికి ప్రముఖ స్థానమిచ్చారు.

ఈ బంధాన్ని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్ దీనికి మైకోరైజా అని పేరు పెట్టారు. నేలపై పెరిగే మొక్కల జాతులలో అధిక భాగానికి ఈ సహచర్యం ఉన్నది. 40 కోట్ల సంవత్సరాల నాటి శిలాజాలలో సైతం దీని ఆనవాళ్లు లభించాయి. భాస్వరం మట్టిలో చాలా మందకొడిగా కదులుతుంది. వేరు తన చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని పీల్చుకున్న తరువాత అక్కడ కొరత ఏర్పడుతుంది. శిలీంధ్రపు దారాలు వేరు నూలుపోగులకంటె సన్ననివి. అవి వేరు చొరలేని సందులలోకి చొచ్చుకొనిపోయి, సెంటీమీటర్ల దూరం నుండి భాస్వరాన్ని, జింకును తెచ్చి మొక్కకు అందిస్తాయి. బదులుగా మొక్క తాను ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత భాగాన్ని శిలీంధ్రానికి ఇస్తుంది. ఆ దారాలే మట్టి రేణువులను కూడగట్టి, వానకు కొట్టుకుపోకుండా కాపాడతాయి. కాఫీ, మిరియం, పసుపు, చోడి, కంది మొదలైనవి ఈ చెలిమిని కోరే పైరులే. ఆవ జాతి మొక్కలకు మాత్రం ఈ చెలిమి సాధారణంగా ఉండదు.

హోవర్డ్ భావాలకు ఆ కాలంలో తీవ్రమైన వ్యతిరేకత ఎదురైంది. రసాయనిక ఎరువులను ప్రోత్సహించే రోజులవి. మందుగుండు కోసం నత్రజనిని తయారుచేసిన కర్మాగారాలు యుద్ధానంతరం ఎరువులను తయారుచేశాయి. నేలకు హ్యూమస్ ముఖ్యమని చెప్పే వృద్ధ శాస్త్రజ్ఞుని మాటను తోటి శాస్త్రజ్ఞులలో అనేకులు తేలికగా తీసుకున్నారు. ఆయన కూడా కొన్ని చోట్ల తన వాదాన్ని సాక్ష్యం కంటె ముందుకు నడిపించారు. వేరు శిలీంధ్రాన్ని జీర్ణించుకొని, దాని మాంసకృత్తులను మొక్కకు పంపుతుందని ఆయన నమ్మారు. శిలీంధ్రం చేసే ప్రధానమైన మేలు ఖనిజ పోషకాలను, విశేషించి భాస్వరాన్ని అందించడమేనని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1950ల నుండి బార్బరా మాస్ వంటి శాస్త్రవేత్తలు నియమిత ప్రయోగాలతో ఈ రంగాన్ని దృఢపరిచారు. సారవంతమైన నేలలో ఏ తెగులూ రాదనే ఆయన అభిప్రాయమూ సంపూర్ణ సత్యం కాదు. వివరణలో పొరపాటున్నా ఆయన చూపిన దిశ సరియైనది. భాస్వరపు ఎరువును అతిగా వేసినప్పుడు, పదేపదే లోతుగా దున్నినప్పుడు శిలీంధ్రమూలాలు క్షీణిస్తాయని నేటి విజ్ఞానం కూడా అంగీకరిస్తున్నది.

హోవర్డ్ 1947 అక్టోబరు 20వ తేదీన కన్నుమూశారు. అంతకు రెండు నెలల ముందే ఆయన జ్ఞానాన్ని ఆర్జించిన దేశం స్వతంత్రమైంది. ఆయన ఆలోచనల స్ఫూర్తితో ఇంగ్లాండులో ఈవ్ బాల్ఫర్, అమెరికాలో జె.ఐ. రోడేల్ సేంద్రియ వ్యవసాయోద్యమాలకు పునాది వేశారు.

ఇక మన కొండల సంగతి చూద్దాం. మన్యంలోని గిరిజనులు తరతరాలుగా పోడు సాగు చేశారు. అడవిలో కొంత మేర కొట్టి, కాల్చి, ఆ బూడిద బలంతో రెండు మూడేళ్లు పండించి, ఆ చోటును మళ్లీ అడవికి విడిచిపెట్టేవారు. విరామం దీర్ఘంగా ఉన్నంతకాలం నేల తిరిగి పుంజుకొనేది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుపై ఆంక్షలు విధించింది. ఆ కష్టాలే 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సాగిన పోరాటానికి ఒక కారణం. కాలక్రమంలో భూమి తగ్గి, విరామం కురచబడింది. వాలు మీది పైమట్టి వానకు జారిపోయింది. మేలు చేసే శిలీంధ్రాలు నివసించేది ఆ పైమట్టిలోనే. అది పోతే నేల ఎముకలగూడు అవుతుంది.

ఈ సమస్యకు నీడలో సాగే కాఫీ ఒక పరిష్కారంగా రూపుదిద్దుకొన్నది. తూర్పు కనుమలలో కాఫీ 19వ శతాబ్దం చివరనే ప్రవేశించినా, గిరిజన రైతుల చేతిలో అది విస్తరించింది స్వాతంత్ర్యం తరువాతనే. కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థ, పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ దీనికి తోడ్పడ్డాయి. నాంది ఫౌండేషన్ వంటి సంస్థలు గిరిజన రైతుల చేత కంపోస్టు తయారీని ప్రోత్సహించాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. చెట్ల నీడ, రాలిన ఆకుల దుప్పటి, దున్నని నేల కలిసి శిలీంధ్రమూలాలకు అనుకూలమైన ఇల్లు కడతాయి.

అయితే ఒక హెచ్చరిక మరువరాదు. శిలీంధ్రం భాస్వరాన్ని సృష్టించదు. ఉన్నదానిని వెతికి తెస్తుంది. బస్తాలకెత్తి సంతకు పంపిన ప్రతి గింజతో కొంత సారం కొండ దిగిపోతుంది. కాఫీ పండు తొక్కను వాగులో పారవేస్తే నీరు కలుషితమవుతుంది, నేల బీదపడుతుంది. అదే తొక్కను పేడతోనూ, ఆకులతోనూ కలిపి కుళ్లబెట్టి తిరిగి మొక్క మొదట వేస్తే సారం నిలుస్తుంది. నేల నుండి తీసుకున్నదానిని నేలకే తిరిగి ఇవ్వాలనే ఈ నియమమే హోవర్డ్ బోధనల సారాంశం. తీసుకోవడం మాత్రమే నేర్చి, ఇవ్వడం మరచిన సమాజం ఎంత చదువుకొన్నదైనా ఆకలికి దూరం కాలేదు. ఆ నియమాన్ని ఆయన మన రైతుల పొలాలలో చూసి నేర్చుకున్నారు. దానిని పాటించడం ఇప్పుడు మన వంతు.

ప్రశ్నలు

1. పేద నేలలలో శిలీంధ్రమూలాలు మొక్కకు చేసే మేలును వివరించండి.
2. హోవర్డ్ భారతీయ రైతులను గురువులుగా ఎందుకు భావించారు?
3. ఇండోరు కంపోస్టు పద్ధతిని వర్ణించండి.
4. హోవర్డ్ అభిప్రాయాలలో కాలానికి నిలిచినవి ఏవి? నిలువనివి ఏవి?
5. మీ గ్రామంలో నేలకు తిరిగి చేరకుండా వృథా అవుతున్న పదార్థాలు ఏవో పరిశీలించి ఒక వ్యాసం రాయండి.